మూడుంబావు వెలుతురు

గడ్డం సగం గీసుకోవడం అయ్యేసరికి స్నానాల గదిలో లైటు వెలిగింది. అతను ఉలిక్కిపడి "తలుపు, తలుపు!" అన్నాడు.

గుమ్మంలో భార్య తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇక్కడ ఫిల్ములేం లేవు పాడైపోవడానికి. బ్లేడుంది, మీ గొంతుంది. లైటేసుకుంటే మీ సొమ్మేం పోయింది?"

"చేతికి తెలుసులే."

"తెలుసు, తెలుసు. ఎడమ చెవి కింద నాలుగు రోజులుగా అలాగే వదిలేస్తోంది ఆ తెలిసిన చెయ్యి. త్వరగా రండి. మా తమ్ముడొచ్చి బల్లంతా పరిచేశాడు. పళ్ళెం పెట్టుకోవడానికి జానెడు జాగా లేదు."

ఆమె వెళ్ళాక అతను ఎడమ చెవి కింద వేలితో తడిమి చూసుకున్నాడు. గరుగ్గా తగిలింది. అద్దం దగ్గరికి వంగి ఇంకోసారి గీశాడు.

అతను ఆస్పత్రి ఎక్స్‌రే విభాగంలో చీకటి గది మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే గది, అవే మూడు తొట్లు. బయట టెక్నీషియన్ ఎక్స్‌రే తీస్తుంది. ఫిల్ము ఉన్న కేసెట్టు, అంటే పుస్తకంలా మూసుకునే పల్చటి పెట్టె, గోడలో రెండువైపులా తలుపులున్న అర గుండా లోపలికి వస్తుంది. అతను చీకట్లో దాన్ని విప్పి, ఫిల్మును ఇనప చట్రానికి తగిలించి, ఒక తొట్టిలో ముంచి, నీళ్ళలో ఆడించి, ఇంకో తొట్టిలో ముంచి తీస్తాడు. ఎవరివో పక్కటెముకలు, ఎవరిదో మణికట్టు మెల్లగా తేలి వస్తాయి. కేసెట్టులో మళ్ళీ కొత్త ఫిల్ము పెట్టి బయటికి పంపిస్తాడు. ఆ మణికట్టు తాలూకు మనిషి మొహం అతను ఎప్పుడూ చూడడు. "మా బావకి ఊళ్ళో సగంమంది తెలుసు, కాకపోతే తోలు ఒలిచి చూపించాలి" అని బావమరిది పెళ్ళిళ్ళలో చెబుతుంటాడు.

ఫిల్ముకి వెలుతురు తగిలితే చాలు, నల్లబడుతుంది. అందుకని అతని బతుకంతా తలుపుల జాగ్రత్తే. పెళ్ళయిన కొత్తలో వంటింటి తలుపు రెండుసార్లు కొట్టి "తెరవచ్చా?" అని అడిగేవాడట. పాపం ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయిన అత్తగారు, బట్టల బీరువాని కూడా అలాగే అడుగుతాడని నెల్లాళ్ళ తర్వాత తెలుసుకున్నారు.

భోజనాల బల్ల మీద పాత దినపత్రిక పరిచి ఉంది. దాని మీద సోల్డరింగ్ కడ్డీ, తీగముక్కలు, చిల్లుల బోర్డు, చదరపు బ్యాటరీ, మూతున్న ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె. బావమరిదికి రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. పొట్ట బల్లకి ఆనించి కూర్చుని, అక్క చేసిన టీ తాగుతున్నాడు.

"రా బావా, రా. నీ కాపలాదారు పుట్టబోతున్నాడు. ఇదిగో, దీని కన్ను."

చొక్కా గుండీ అంత ఉంది అది. మొహం మీద మెలికలు తిరిగిన ఎర్రటి గీత, వెనక రెండు సన్నటి కాళ్ళు.

"చీకట్లో ఇది మొండిఘటం. కరెంటుని కదలనివ్వదు. వెలుతురు పడిందనుకో, మెత్తబడి దారి వదులుతుంది. వదలగానే ఈ మూడుకాళ్ళ ట్రాన్సిస్టర్లు రెండూ ఆ కాస్త కరెంటుని పెద్దది చేసి బజర్‌కి ఇస్తాయి. అరుస్తుంది. ఎంత వెలుతురుకి అరవాలో ఈ మర తిప్పి చెప్పాలి." టీ గుక్కెడు తాగాడు. "అచ్చం నీలాంటిదే బావా. చీకట్లో నోరు విప్పదు."

"వెలుగులో మాత్రం విప్పుతారా?" అంది అక్క, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని.

అతను నవ్వలేదు. అతని దృష్టంతా ఆ గుండీ మీదే ఉంది.

మూడు వారాలుగా ఆస్పత్రిలో ఫిల్ములు మసకబారుతున్నాయి. అన్నీ కాదు. రోజుకి రెండో మూడో. ఒకటి సాయంత్రం, ఇంకోటి మర్నాడు పొద్దున. మధ్యలో ఎముకలున్నాయో లేవో తెలియనంతగా పొగ కమ్మినట్టు వస్తున్నాయి. ముందు కొత్త ఫిల్ముల కట్ట మార్చారు. తర్వాత మందునీళ్ళు మార్చారు. ఆ తర్వాత అందరూ అతని వైపు చూశారు. ఫిల్ములుండే డబ్బా మూత వేయకుండా తెల్లలైటు వేస్తున్నాడేమో, వయసు మీదపడింది కదా.

కాదని అతను అనలేకపోయాడు. మూత వేశానా లేదా అన్నది చెయ్యి చేసుకుపోయే పని. నిన్న వేశావా అని అడిగితే, నిన్న ఊపిరి పీల్చావా అని అడిగినట్టే.

పైగా ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. చీకటి గదిలో ఫిల్ముకి హాని చెయ్యని చిన్న ఎర్రదీపం ఉంటుంది. కొత్తలో ఆ దీపం వెలుగులో అతనికి తొట్ల అంచులు, చట్రాల కొక్కేలు, తన వేళ్ళు అన్నీ తెలిసేవి. రెండేళ్ళుగా దీపం ఒక్కటే కనిపిస్తోంది. అది దేన్ని వెలిగిస్తోందో కనిపించడం లేదు. చేతులకి దారి తెలుసు కనుక పని ఆగలేదు. పని ఆగలేదు కనుక చెప్పలేదు.

మొన్న తుంటి విరిగిన పెద్దావిడకి మూడుసార్లు తీయాల్సి వచ్చింది. మూడోసారి బల్ల మీదకి జరుపుతుంటే ఆమె "మళ్ళీనా నాయనా, ఇంకెందుకు నాయనా" అన్న మాట గోడ ఇవతల ఉన్న అతనికి వినిపించింది. నిన్న సాయంత్రం పెద్ద డాక్టరమ్మ పిలిచి ఒక కాగితం చూపించింది. అతన్ని పై అంతస్తులోని రికార్డుల గదికి మారుస్తున్నట్టు టైపు చేసి ఉంది. కారణం అన్నచోట ఒకటే మాట: నిర్లక్ష్యం.

"రేపు ఐదింటికి సంతకం పెట్టాలి నేను. ఈలోగా ఏమైనా తేలితే చెప్పండి" అంది ఆమె. గొంతులో కోపం లేదు. అతనికి కోపమే నయమనిపించింది.

"ఇలా ఇవ్వు, నేను అతుకుతా" అన్నాడు ఇప్పుడు.

బావమరిది కడ్డీ అందించాడు. అతను బోర్డు మీద గుండీ కాళ్ళు దూర్చి, గోటితో చిల్లులు లెక్కపెట్టుకుని, సీసం తీగని కడ్డీ మొనకి ఆనించాడు. సన్నటి పొగ లేచింది. చెయ్యి వణకలేదు. రెండో అతుకు, మూడో అతుకు. నాలుగోది పెట్టాక బావమరిది టీ గ్లాసు కింద పెట్టాడు.

"బావా, ఆ చుక్క పక్క చిల్లులో పడింది."

"చూశా, చూశా" అంటూ అతను గోటితో తడిమాడు. వేడి తగిలి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

బావమరిది అక్క వైపు చూశాడు. ఆమె పళ్ళెంలోకి చూసుకుంటూ ఉండిపోయింది. బావమరిది నోటిదాకా వచ్చిన హాస్యమేదో మింగేసి, "పాత చుక్క నేను తీస్తాలే, నువ్వు మళ్ళీ పెట్టు" అన్నాడు.

అంతా అయ్యాక సబ్బుపెట్టెకి ఒక పక్క రంధ్రం పెట్టి గుండీని బయటికి చూసేలా బిగించారు. బ్యాటరీ తగిలించగానే పెట్టె కీచుమంది. బావమరిది గుండీ మీద అరచెయ్యి పెట్టాడు. ఆగలేదు. మర తిప్పాడు. ఆగలేదు. "చీకటి చాల్లేదు" అంటూ పెట్టెని బీరువాలో బట్టల మధ్య కుక్కి తలుపు మూశాడు. బీరువా మొత్తం కీచుమంటూ నిలబడింది.

"పక్కింటివాళ్ళు లేస్తారు!" అంది అక్క.

అతను వెళ్ళి బీరువా తలుపు కొద్దిగా తెరిచి, చెయ్యి పెట్టి, లోపలి బట్టల మీద ఎర్రటి మరక చూశాడు.

"ఏరా, దీనికి దీపం పెట్టావా?"

"చిన్నది బావా. గుండీ పక్కనే. మోగినప్పుడు వెలుగుతుంది. దీపం లేకపోతే అది బతికుందని ఎలా తెలుస్తుంది? మా దుకాణంలో ఏ మిషనుకైనా..."

"అది తన దీపం చూసుకుని తనే అరుస్తోంది."

ఒక్క క్షణం ముగ్గురూ బీరువా అరుపు వింటూ నిలబడ్డారు. తర్వాత బావమరిది పొట్ట కదలడం మొదలైంది. అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. చివరికి అతనూ నవ్వాడు, మూడు వారాల తర్వాత మొదటిసారి. "చీకటి గదికి దీపం పెట్టిస్తున్నావు కదరా, నీ తెలివి తెల్లారా!"

దీపం కత్తిరించేశారు. ఈసారి బీరువాలో పెడితే పెట్టె నోరు మూసుకుంది. తలుపు వెంట్రుకవాసి తెరిస్తే సన్నగా మూలిగింది, ఇంకాస్త తెరిస్తే కేక పెట్టింది. అతను నాలుగైదుసార్లు తెరిచి మూసి చూశాడు. మూలుగు మొదలయ్యే చోట ఆపి, మర ఇంకో పిసరు తిప్పి, మళ్ళీ చూశాడు. వెళ్ళేటప్పుడు భార్య సబ్బుపెట్టెని చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టింది.

"ఒకవేళ మూత నేనే మర్చిపోతున్నానని తేలితే?" అన్నాడు చెప్పులు తొడుక్కుంటూ.

"తేలితే మర్చిపోయానని చెప్పి పైకి వెళ్ళండి. ఇన్నేళ్ళుగా రాత్రిళ్ళు కూడా నిద్రలో చేతులు తొట్లో ముంచినట్టు ఆడిస్తారు. అవైనా కాస్త విశ్రాంతి తీసుకుంటాయి."

ఆస్పత్రిలో ఎక్స్‌రే గది ముందు బెంచీలు అప్పటికే నిండిపోయాయి. టెక్నీషియన్ అమ్మాయి సీసపు కోటు తగిలించుకుంటోంది. ముప్ఫై అయిదేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. అయినా ఆస్పత్రిలో అందరికీ ఆమె అమ్మాయే, అతను బాబాయే.

"బాబాయ్, ఏంటా మూట? పిన్ని పచ్చళ్ళు పంపిందా?"

"తినేది కాదమ్మా. అరిచేది."

చెబితే ఆమె నవ్వలేదు. "ఎక్కడ పెడతావ్?"

"ఫిల్ముల డబ్బాలోనే. మూత తెరిచి ఉంచి నేను తెల్లలైటు వేశానంటే అరుస్తుంది. నువ్వూ విందువుగాని. నిజం తేలిపోతుంది."

"నీ మీద నువ్వే కాపలా పెట్టుకుంటున్నావా?" అంది ఆమె. అతను తలుపు వేసుకున్నాడు.

చీకటి గది పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు ఆరు. కుడిపక్క ఫిల్ములు పెట్టీ తీసే పొడిబల్ల, దాని కింద సీసపు రేకు తొడిగిన ఫిల్ముల డబ్బా. ఎడమపక్క తొట్లు, వాటి వెనక ఆరబెట్టే తీగ. పొడిబల్లకి పైన, గోడలో, గాలి పోయే ఫ్యాను. ఇరవై ఏళ్ళ కిందట అది పాడైతే దాని రేకుగొట్టానికి లోపల నల్లరంగు వేసింది అతనే. పులిసినట్టుండే మందునీళ్ళ వాసన తలుపు తీయగానే ముక్కులోకి వస్తుంది, తర్వాత ఇక తెలియదు. అతని గోళ్ళు అంచుల దగ్గర పసుపుపచ్చగా, లోపల గోధుమరంగుగా ఉంటాయి. ఎంత రుద్దినా పోవు.

సబ్బుపెట్టెని డబ్బా లోపల, ఫిల్ముల అంచుకి, పైకి చూసేలా నిలబెట్టాడు. మూత వేశాడు. పని మొదలైంది.

మోకాలు. మోకాలు. ఛాతీ. ఎవరిదో దవడ. కేసెట్టు తీసుకోవడం, విప్పడం, ముంచడం, లోపల ఒకటి నుంచి మూడొందలదాకా లెక్కపెట్టడం. అతనికి గడియారం అక్కర్లేదు. ప్రతిసారీ తెల్లలైటు మీట మీద వేలు పెట్టినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగేవాడు. వేసేవాడు. పెట్టె పలికేది కాదు. డబ్బా వైపు వంగి చూసేవాడు, మూత వేసే ఉండేది. పన్నెండుసార్లు అలా అయింది. పదమూడోసారి నిశ్శబ్దం మీద కూడా అనుమానం వచ్చింది. కావాలని మూత రెండు వేళ్ళు ఎత్తాడు. పెట్టె కీచుమంది.

"బాబాయ్!" అంది గోడ అవతల్నించి అమ్మాయి, గాభరాగా.

"పరీక్షించానమ్మా. పైనున్న ఒక్క ఫిల్ము పోయింది, పారేస్తున్నా."

మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, మూడింటికి సాయంత్రం పనికి కావలసిన కేసెట్లు సిద్ధం చేయడానికి కూర్చున్నాడు. ఇది రోజూ ఆ వేళకే చేస్తాడు. పదహారు ఖాళీ కేసెట్లు పొడిబల్ల మీద వరసగా విప్పి పెట్టుకోవాలి. చీకటి చేసుకుని, డబ్బా మూత తీసి, ఒక్కో ఫిల్మూ ఒక్కోదాంట్లో పరచి మూయాలి. సాయంత్రానికి వాడగా మిగిలినవి మర్నాడు పొద్దున వాడతారు. మీట నొక్కి తెల్లలైటు ఆర్పాడు. గుండీ ఎర్రదీపాన్ని చూసి కూడా అరుస్తుందని దాన్ని పొద్దున్నే ఆర్పేశాడు. కటిక చీకటి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. వంగి మూత తీశాడు.

తొమ్మిదో ఫిల్ము పరుస్తుండగా డబ్బాలోంచి సన్నగా మూలుగు వినిపించింది.

అతను మూత వేసేశాడు. ఆగింది. మళ్ళీ తీశాడు. ఊఁ... అంటూ మూలుగు, ఇందాకటికంటే కాస్త గట్టిగా. లైటు మీట మీద చెయ్యి వేసి చూశాడు. ఆర్పే ఉంది. తలుపు గొళ్ళెం తడిమాడు. వేసే ఉంది. బావమరిది పనితనం మీద కోపం వచ్చింది. చెడిపోయిందా ఈ దరిద్రం, సరిగ్గా ఈ రోజే?

సబ్బుపెట్టెని బయటికి తీసి డబ్బా మూత మూశాడు. అరచేతిలో పెట్టుకుని తొట్ల వైపు తిరిగాడు. మూలుగు ఆగిపోయింది. పొడిబల్ల వైపు తిరిగాడు. మొదలైంది. తలుపు దగ్గర నేలకి ఆనించాడు, చడీచప్పుడు లేదు. అర దగ్గర పెట్టాడు, లేదు. బల్ల మీద కుడి చివర పెట్టాడు, మూలిగింది. ఎడమకి జరిపాడు, తగ్గింది. పైకి ఎత్తాడు. పెరిగింది. చేతులు నిటారుగా చాచి ఇంకా పైకి ఎత్తితే, నెత్తిమీద, ఫ్యాను గొట్టం ముందు, పొద్దున బీరువా తలుపు తెరిచినప్పటిలా కేక పెట్టింది.

అతను తల ఎత్తి గొట్టం వైపు చూశాడు. నలుపు. ఎంతసేపు చూసినా నలుపే. చేతిలోది మాత్రం చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది.

కేసెట్లన్నీ మూసి, తలుపు తీసి, అమ్మాయిని పిలిచాడు. బెంచీల మీది జనాన్ని ఒక్క పది నిమిషాలు ఆగమని ఆమె లోపలికొచ్చింది. తలుపు వేశాడు.

"ఏం బాబాయ్, ఎందుకు అరిచిందది?"

"మాట్లాడకు. చీకటి అలవాటవనీ. అలవాటయ్యాక ఆ ఫ్యాను వైపు చూసి, ఏముందో చెప్పు."

ఇద్దరూ నిలబడ్డారు. కొళాయి చుక్క తొట్టిలో పడే శబ్దం. ఆమె సీసపు కోటు గరగర. రెండు నిమిషాలు, మూడు.

"అదిగో" అంది ఆమె. "బాబాయ్, అదిగో! రెక్కల వెనక. సన్నగా, బూడిదరంగులో. ఆ కింద బల్ల మీద కూడా పడుతోంది, చూడు. కేసెట్ల అంచులు కూడా కనిపిస్తున్నాయి నాకు!"

అతను చూశాడు. ఏమీ లేదు.

"నీకు..." అని ఆగిపోయిందామె.

"అవతలేముందో చూసిరా తల్లీ. సందులోకి వెళ్ళి" అన్నాడు అతను.

ఆమె పరుగెత్తి వెళ్ళి రొప్పుతూ వచ్చింది. సందు అవతల ఏడాదిగా కడుతున్న భవనానికి నిలువెత్తు అద్దాలు బిగించారు. మొన్నమొన్నటిదాకా అక్కడ సిమెంటు గోడే. ఆస్పత్రి ఆ పక్క గోడ మీద ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎండ పడలేదు. ఇప్పుడు అద్దాల మీద పడిన ఎండ తిరిగొచ్చి సూటిగా ఫ్యాను మూతి మీద కొడుతోంది.

"అద్దాలెప్పుడు పెట్టారో వాచ్‌మన్‌ని అడిగా. మూడు వారాలయిందట బాబాయ్. ఈ వేళకే వస్తుందట ఈ ఎండ, ఓ అరగంట. వాడికీ కళ్ళల్లో కొడుతోందని గోల పెడుతున్నాడు."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు బోర్లించి పెట్టుకుని వాటి వంక చూసుకున్నాడు. గొట్టంలో తను వేసిన నల్లరంగు రాలిపోయి ఉంటుంది. రంగు ఉన్నంతకాలం ఎంత వెలుతురొచ్చినా మింగేసేది. చేతులు ఏ తప్పూ చేయలేదు. రోజూ వేసినట్టే మూత వేశాయి. మూడు వారాలుగా పాపం వాటిని ఎన్ని మాటలన్నాడో.

"మేడమ్‌కి చెప్దాం పద" అంది అమ్మాయి. కళ్ళు మెరుస్తున్నాయి.

"సబ్బుపెట్టె కూసిందంటే మేడమ్ నమ్మరు. ఫిల్ము చెబితే నమ్ముతారు. ఎండ పోకముందే."

కొత్త ఫిల్ము ఒకటి తీసి చీకట్లో పొడిబల్ల మీద పరిచాడు. దాని మీద ఏదైనా అడ్డం పెట్టాలి. వెలుతురు తగిలినచోట నల్లబడి, అడ్డం ఉన్నచోట తెల్లగా మిగలాలి. తాళంచెవి కోసం జేబు తడిమాడు, చొక్కా మార్చిన సంగతి గుర్తొచ్చింది. అమ్మాయిని అడిగి తెప్పించే తీరిక లేదు. కుడి అరచెయ్యి ఫిల్ము మీద ఆనించి, వేళ్ళు విప్పి, కదలకుండా కూర్చున్నాడు. మూడొందలు లెక్కపెట్టాడు. ఇంకో మూడొందలు. చెయ్యి కింద ఫిల్ము చల్లగా ఉండి మెల్లగా వెచ్చబడింది.

ముంచి తీశాక, తెల్లలైటు కింద, బూడిదరంగు పొగలో చెయ్యి తేలింది.

పెద్ద డాక్టరమ్మ ఆ తడి ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టి చాలాసేపు చూసింది. ఆమె సంతకం ఒక్కటే తక్కువగా ఆ బదిలీ కాగితం పక్కనే ఉంది.

"గొట్టం మార్పిస్తాను. ఈ రోజే అట్ట అడ్డం పెట్టించండి. ఆ పెద్దావిడ వాళ్ళింటికి కూడా నేనే చెబుతాను." కళ్ళజోడు తీసింది. "మిమ్మల్ని అనవసరంగా... అయినా ఒక సంగతి. మీరు రోజూ ఆ వేళకి ఆ బల్ల దగ్గరే కూర్చుంటారు కదా. అమ్మాయికి మూడు నిమిషాల్లో కనిపించింది. మీకు మూడు వారాలుగా కనిపించలేదా?"

అమ్మాయి గబుక్కున, "అది చాలా సన్నగా ఉంది మేడం, నేను కూడా..." అంది.

అతను చెయ్యెత్తి ఆమెని ఆపాడు.

"కనిపించలేదండి. ఈ రోజు కూడా కనిపించలేదు. రెండేళ్ళయింది ఆ గదిలో నాకు ఏదైనా కనిపించి."

అనేశాక ఆ మాట అంత పొట్టిదా అని అతనికే ఆశ్చర్యం వేసింది. పని దిగాక అమ్మాయి సీసపు కోటు విప్పి భుజాలు తడుముకుంటుంది రోజూ. అదెలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

"ఆ కాగితం చింపకండి మేడం. ఆ ఒక్క మాట కొట్టేసి, నేనే అడిగానని రాయండి. వెలుతురు చూడలేనివాడు చీకటికేం కాపలా కాస్తాడండి."

"పైన ఊరికే కాగితాలు సర్దాలి. విసుగొస్తుంది మీకు."

"మూడు కిటికీలున్నాయటగా."

ఆమె నవ్వింది. నిర్లక్ష్యం అన్న మాట మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, పక్కన స్వంత కోరికపై అని రాసి సంతకం పెట్టింది. "రేపు పదింటికి కళ్ళ డాక్టరు దగ్గరికి. ఆ తర్వాతే మీ కిటికీలు."

"అలాగేనండి."

"శుక్లమైతే తీసేస్తే పోతుంది. భయమా?"

"లేదండి. ఇంట్లో మాత్రం గడ్డం గీసుకున్నప్పుడల్లా మాట పడుతున్నాను" అన్నాడు. ఈసారి అమ్మాయి కూడా నవ్వింది.

ఐదింటికి ముందే అతను చెయ్యి ఉన్న ఫిల్మును మళ్ళీ నీళ్ళలో కడిగి తీగకి తగిలించి, తొట్లకి మూతలు వేశాడు. ఫ్యాను ముందు నల్లట్ట రెండు పొరలు బిగించి, అంచుల వెంట టేపు అంటించాడు. సబ్బుపెట్టెని పొడిబల్ల మీద, అమ్మాయి చేతికి అందేలా పెట్టి, బ్యాటరీ ఎలా మార్చాలో చెప్పాడు. మందునీళ్ళు కలిపే పాళ్ళు చెప్పాడు. ఆమెకు అవి తెలుసు. అయినా విన్నది. తాళాలు ఇచ్చాడు.

"మీరు వెళ్ళండి బాబాయ్. ఆరిన ఫిల్ములు నేను తీసి పెడతా." ఎన్నడూ లేనిది మీరు అంది. అతను గమనించి, గమనించనట్టు సంచి భుజాన వేసుకున్నాడు.

సందులోకి వచ్చి ఒక్క నిమిషం ఆ అద్దాల ముందు నిలబడ్డాడు. ఎండ ఎప్పుడో జారిపోయింది. అద్దంలో సంచి తగిలించుకున్న మనిషెవరో మసగ్గా కనిపించాడు. తల తిప్పుకుని, త్వరత్వరగా ఇంటి దారి పట్టాడు. ఈ కబురు భార్యకంటే ముందు బావమరిదికి చెప్పాలి. వాడి దుకాణం దారిలోనే.

చీకటి గదిలో తెల్లలైటు వెలుగుతూనే ఉంది. ఆరబెట్టే తీగకి ఆ రోజు ఫిల్ములన్నీ వరసగా వేలాడుతున్నాయి. మోకాలు, మోకాలు, ఛాతీ, దవడ. ఒక్కోదాని మూలనా మనిషి పేరు, నంబరు ఉన్నాయి. చివరిదాని మీద ఏమీ రాసి లేదు. బూడిదరంగు మధ్యలో అయిదు వేళ్ళూ విప్పుకున్న చెయ్యి, బొటనవేలు కాస్త వంకరగా. కింది అంచు ఇంకా తడిగానే ఉండి, ఒక్కో చుక్కా కూడబెట్టుకుని నెమ్మదిగా వదులుతోంది.